మూసిన బడి, మార్చిన పేరు

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట రాజకీయాల ప్రస్తావన వస్తే ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. కోవిడ్ కాలంలోనే తమకు ప్రగతివాదుల మీద నమ్మకం పోయిందన్నది ఆ మాట. మొన్నామధ్య ఒక గృహప్రవేశంలో, 2016లో డెమోక్రాట్ల కోసం ఇంటింటికీ తిరిగి ప్రచారం చేసిన ఒక మిత్రుడు, "ఆ రెండేళ్లూ చూశాక వాళ్లు చెప్పే ఏ మాటా నమ్మబుద్ధి కావడం లేదండీ" అన్నారు. పక్కనే ఉన్న ఒక అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగి ఇప్పుడు కాలేజీలో చదువుతున్న పిల్ల, "అంకుల్, మీ మనసు ముందునుంచీ అటువైపే ఉండి ఉంటుంది, కోవిడ్ వల్ల ఒక సాకు దొరికింది" అని జవాబిచ్చింది. ఆయన నొచ్చుకుని లేచి వెళ్లిపోయారు.

ఆ ఇద్దరితోనూ నేను ఏకీభవించలేను. ఆయన అనుమానానికి బలమైన కారణం ఉంది. కానీ ఆ కారణం మోయగలిగినదానికంటే చాలా పెద్ద నిర్ణయానికి ఆయన వచ్చారు. ఇక ఆ అమ్మాయి, ఎదుటి మనిషి చెప్పింది నిజమా కాదా అని చూడకుండా, అతను ఎలాంటివాడో తేల్చేసింది. ఆ కాలంలో ప్రగతివాదుల చేతుల్లో ఉన్న సంస్థలకు ఇంత నష్టం చేసింది సరిగ్గా ఈ అలవాటేనని నా నమ్మకం. బడులు మూయడంలో తప్పొప్పులు ప్రపంచమంతా జరిగాయి. నమ్మకం చెడింది ఆ తప్పు వల్ల కాదు, దాని గురించి అడిగినవాళ్లకు దొరికిన సమాధానం వల్ల.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది

నేను ఉండేది ఆ నగరంలో కాదు, దానికి కొంత దూరంలో. అయినా మా ఊళ్లోనూ బడులు మూతపడి ఉన్నాయి కనుక అక్కడి స్కూల్ బోర్డు (ప్రభుత్వ బడులను నడిపే, ఓటర్లు ఎన్నుకున్న మండలి) సమావేశాలను మా ఇంట్లో కూడా చూసేవాళ్లం. 2020 మార్చి మధ్యలో అక్కడి ప్రభుత్వ బడులు మూసేశారు. దాదాపు 50 వేల మంది పిల్లలు తెరల ముందుకు చేరారు. ఆ శరదృతువు నుంచే నగరంలోని ప్రైవేటు బడులు అనుమతులు తెచ్చుకుని ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. శాక్రమెంటో ప్రాంతంలో గవర్నర్ గావిన్ న్యూసమ్ పిల్లలు చదివే ప్రైవేటు బడి కూడా అలా తెరుచుకున్నదే. ప్రభుత్వ బడులు మాత్రం తెరుచుకోలేదు. ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగి గదుల్లో కూర్చున్నది 2021 ఏప్రిల్‌లో. మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లల్లో ఎక్కువమందికి ఆగస్టు దాకా ఆ అవకాశమే రాలేదు.

ఈ మధ్యలో, 2021 జనవరి 26న, అదే బోర్డు 44 బడుల పేర్లు మార్చాలని 6-1 ఓట్లతో తీర్మానించింది. వాషింగ్టన్, లింకన్, ఆ నగరానికే ఒకప్పుడు మేయరుగా చేసిన డయాన్ ఫైన్‌స్టైన్, అందరి పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. పేర్ల కమిటీ చరిత్రకారులను సంప్రదించలేదు. స్వాతంత్ర్య యుద్ధ వీరుడు పాల్ రివీర్ పాల్గొన్న పెనాబ్‌స్కాట్ దండయాత్ర ఒక బ్రిటిష్ కోట మీద జరిగింది. కమిటీ దాన్ని పెనాబ్‌స్కాట్ ఆదివాసుల భూముల ఆక్రమణగా పొరబడింది. రూజ్‌వెల్ట్ మిడిల్ స్కూల్‌కు ఇద్దరు రూజ్‌వెల్టులలో ఎవరి పేరు పెట్టారో కూడా కమిటీకి స్పష్టంగా తెలియదు. పిల్లలను ఏప్రిల్‌కల్లా బడికి పంపే ప్రణాళిక లేని బోర్డు, ఏప్రిల్‌కల్లా పేర్లు మార్చే ప్రణాళికతో ముందుకు ఎలా వెళ్తోందో అర్థం కావడం లేదని మేయర్ లండన్ బ్రీడ్ ఒక ప్రకటనలో అన్నారు. ఆమె స్వయంగా నల్లజాతి మహిళ, అదే నగరంలో ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగి ప్రభుత్వ బడుల్లో చదువుకున్నవారు. ఫిబ్రవరి 3న నగర ప్రభుత్వమే, బడులు తెరవాలంటూ, తన స్కూల్ డిస్ట్రిక్టు మీద కోర్టుకు వెళ్లింది.

ఆ వెంటనే వచ్చిన ఫిబ్రవరి 9 సమావేశం నాకు ఇంకా బాగా గుర్తుంది. తల్లిదండ్రుల సలహా మండలిలో ఖాళీగా ఉన్న ఒక స్థానానికి ఒక తండ్రి ముందుకు వచ్చారు. జీతం లేని, స్వచ్ఛందంగా చేసే పని అది. ఆయన స్వలింగ సంపర్కుడు, తెల్లజాతివాడు. ఆయన చేరిక మండలిలో వైవిధ్యాన్ని పెంచుతుందా లేదా అని దాదాపు రెండు గంటలు చర్చించి, చివరికి నియమించలేదు. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా తెరమీద కూర్చుని అదంతా విన్నారు. బడులు ఎప్పుడు తెరుస్తారో తెలుసుకుందామని ఆ సమావేశానికి వచ్చిన తల్లిదండ్రులు రాత్రి పొద్దుపోయేదాకా ఎదురుచూడవలసి వచ్చింది.

పేర్ల ప్రశ్న పనికిమాలినదని నేను అనడం లేదు. విగ్రహాలు, వీధుల పేర్లు, బడుల పేర్లు ఒక సమాజం ఎవరిని గౌరవిస్తుందో చెబుతాయి. ఆ సంగతి హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలకు ఏమైందో చూసిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. బడి నడుస్తూ ఉండగా ఆ చర్చ జరిగి ఉంటే నేను శ్రద్ధగా వినేవాణ్ణి. కానీ పిల్లలెవరూ అడుగుపెట్టలేని భవనం మీద ఎవరి పేరుంటే ఆ పిల్లలకు మేలు జరుగుతుంది? ఈ ప్రశ్న అడిగినవాళ్లు లింకన్ భక్తులు కారు. వాళ్లకు కావలసింది ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరస.

అడిగినవాడి స్వభావం

జాతీయ స్థాయిలో కథ ఇంకాస్త ముందే మొదలైంది. పిల్లలు వీలైనంతవరకు బడిలోనే ఉండేలా ప్రణాళికలు వేయాలని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2020 జూన్ చివర్లో సూచించింది. డెన్మార్క్ ఏప్రిల్ మధ్యలోనే చిన్నపిల్లల బడులు తెరిచింది. అప్పటికి ఇది వైద్యులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూర్చుని తేల్చుకోవలసిన విషయంగానే ఉంది. జూలై మొదటి వారంలో ట్రంప్, బడులు తెరిచి తీరాలని పెద్ద అక్షరాల్లో ట్వీట్ చేశారు. ఆ క్షణం నుంచి బడి తెరవాలన్న కోరిక ఒక పార్టీ జెండాగా మారిపోయింది. ట్రంప్‌ను ఇష్టపడని తల్లులు, తండ్రులు ఆ కోరికను పైకి చెప్పుకోవడానికి జంకారు. మా ఊరి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, "నేను ఆయనకు ఓటేసేదాన్ని కాదు, కానీ" అని మొదలుపెట్టకుండా ఒక్క ప్రశ్న కూడా అడిగేవారు కాదు. ఆమె చిన్నబాబుకు మాట ఆలస్యం, బడిలో స్పీచ్ థెరపీ ఉండేది. తెర ముందు ఆ బిడ్డ రెండు నిమిషాలు కూడా కూర్చోలేకపోయేవాడు. అలాంటి తల్లి కూడా ముందు తన రాజకీయ విశ్వాసాన్ని నిరూపించుకున్న తర్వాతే తన బిడ్డ గురించి మాట్లాడవలసి వచ్చింది.

2020 డిసెంబరులో షికాగో ఉపాధ్యాయుల సంఘం, బడులు తెరవాలన్న ఒత్తిడికి మూలం స్త్రీద్వేషం, జాతివివక్ష అన్న అర్థం వచ్చే ట్వీట్ పెట్టి, విమర్శలు రాగానే తీసేసింది. ఆ సంఘానికి భయపడటానికి కారణాలు ఉన్నాయి. పాత భవనాలు, గాలి ఆడని గదులు, వయసు మీరిన ఉపాధ్యాయులు, అప్పటికింకా టీకా లేదు. ఆ కారణాలన్నీ చెప్పి ఉంటే వినేవాళ్లు ఎంతోమంది ఉండేవారు. కానీ చెప్పింది ఆ కారణాలు కావు, అడిగినవాళ్లు ఎంత చెడ్డవాళ్లో మాత్రమే.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. మూసిన బడి భారం ఎవరిమీద పడిందో అందరికీ కనబడుతూనే ఉంది. 2020 ఆగస్టులో సెలీనాస్ పట్టణంలో ఇద్దరు చిన్నపిల్లలు వైఫై కోసం ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణం బయట నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లలో చదువుకుంటున్న ఫొటో దేశమంతా తిరిగింది. మాలాంటివాళ్లం ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, సాయంత్రం లెక్కలకు ట్యూటర్‌ని పెట్టుకుని గట్టెక్కాం. పొలాల్లో కూరగాయలు కోసేవాళ్ల పిల్లలకు ఆ వసతి లేదు. ప్రగతివాదం అనే మాటకు ఏదైనా అర్థం ఉంటే అది ఈ రెండో రకం పిల్లల పక్షం వహించడమే. ఆ పిల్లల పేరు చెప్పి, వాళ్లకే ఎక్కువ నష్టం కలిగే నిర్ణయాన్ని సమర్థించడం నాకు మింగుడుపడలేదు. 2022లో వచ్చిన జాతీయ పరీక్షల ఫలితాల్లో, 2019తో పోలిస్తే, ఎనిమిదో తరగతి లెక్కల సగటు 8 పాయింట్లు, నాలుగో తరగతి సగటు 5 పాయింట్లు పడిపోయాయి. వెనకబడి ఉన్న పిల్లలు మరింత వెనకబడ్డారు.

రెండు కొలతలు

అనుమానానికి రెండో మూలం 2020 జూన్‌ది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా నిరసనలు సాగుతున్న వేళ, వెయ్యిమందికి పైగా వైద్య, ప్రజారోగ్య నిపుణులు ఒక బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. జాతివివక్షే ఒక ప్రజారోగ్య సమస్య కనుక ఈ నిరసనలను వైరస్ వ్యాప్తి పేరుతో ఖండించబోమని, అయితే దీన్ని అన్ని గుంపులకూ, ముఖ్యంగా లాక్‌డౌన్ వ్యతిరేక ప్రదర్శనలకూ ఇచ్చిన అనుమతిగా తీసుకోరాదని దాని సారాంశం. ఆ నిరసనల పట్ల నాకు సానుభూతి ఉంది. ఆరుబయట, మాస్కులతో జరిగిన ఆ ఊరేగింపుల వల్ల కేసులు పెద్దగా పెరగలేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది కూడా. "ఆరుబయట ప్రమాదం తక్కువ, అందరికీ తక్కువే" అని ఆ నిపుణులు అని ఉంటే శాస్త్రం పరువు నిలిచేది. దానికి బదులు, గుంపు ఎందుకు కూడిందో చూసి ప్రమాదాన్ని తూచారు. అంతకుముందు కొన్ని వారాలపాటు తల్లిదండ్రుల అంత్యక్రియలకు కూడా వెళ్లలేక ఫోన్లలో చూసుకున్న జనం ఆ లేఖ చదివారు. వాళ్ల మనసులో ఏం కదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

మనకు ఈ రెండు కొలతల సంగతి కొత్తది కాదు. 2020 మార్చి చివర్లో ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్లలో తెలంగాణలో ఆరుగురు మరణించారన్న ప్రకటన వెలువడిన తర్వాత, ఒక మతం వాళ్లందరినీ రోగవాహకులుగా చూపిస్తూ తెలుగులో ఎన్ని సందేశాలు తిరిగాయో చూశాం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షలమంది కలిసి స్నానాలు చేసినప్పుడు ఆ గొంతుల్లో చాలావరకు మూగబోయాయి. ఆ పక్షపాతాన్ని అప్పట్లో గట్టిగా ఎత్తిచూపిన మిత్రులే అమెరికన్ నిపుణుల లేఖ దగ్గరకు వచ్చేసరికి "సందర్భం వేరు" అంటారు. సందర్భం వేరన్నది నిజమే. వైరస్‌కు మాత్రం ఆ తేడా తెలియదు.

నాకు ఎదురు నిలిచే రెండు విషయాలు

మా ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఒకామె ఫ్రెస్నో దగ్గర ఆసుపత్రిలో నర్సు. 2020 డిసెంబరులో ఆ శాన్ వాకీన్ లోయ ప్రాంతంలో ఐసీయూ పడకల లభ్యత సున్నాకు చేరింది. నేను ఈ వాదన చేసినప్పుడల్లా ఆమె ఒకటే మాట అంటుంది: "అన్నయ్యా, మీరు రెండేళ్ల తర్వాత తేలిన లెక్కలు పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ రాత్రి మాకు ఏ లెక్కా తెలియదు." ఆమె చెప్పేదాంట్లో ఉన్న బరువును నేను తక్కువ చేయలేను. పైగా ఆ లోయలో చనిపోయినవాళ్లలో చాలామంది పొలం కూలీలు, వాళ్ల ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు. బడికి పిల్లలను పంపడానికి తెల్లజాతి తల్లిదండ్రుల కంటే నల్లజాతి, లాటినో తల్లిదండ్రులే ఎక్కువ వెనుకాడారని అప్పటి సర్వేలు చెప్పాయి. పేదల తరఫున మాట్లాడుతున్నానని నేను అనుకుంటున్నప్పుడు, ఆ పేదల్లో చాలామంది నా కోరికతో ఏకీభవించలేదన్నది నిజం.

రెండో విషయం మన దేశానిది. మా పెద్దమ్మ కొడుకు నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ బడిలో ఉపాధ్యాయుడు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ఆ పాఠాల వేళకు తన తరగతి పిల్లలు సగం మంది పత్తి చేలల్లో ఉండేవారని అన్నయ్య చెప్పేవాడు. మధ్యలో కొన్ని వారాలు తెరిచి, మళ్లీ మూసి, అన్ని తరగతులకూ బడులు తెరిచింది 2021 సెప్టెంబరులో. ప్రపంచంలోకెల్లా ఎక్కువకాలం బడులు మూసిన దేశాల్లో భారతదేశం ఒకటి. అక్కడ ఏ ప్రగతివాద స్కూల్ బోర్డూ లేదు, లింకన్ పేరు మీద తగాదా లేదు. అయినా బడులు మూతపడే ఉన్నాయి. కాబట్టి బడులు మూసింది ప్రగతివాదమేనని నా మిత్రుడు అంటే అది నిలవదు. భయం మూసింది, పాలకుల ఉదాసీనత మూసింది, పిల్లలకు ఓటు లేకపోవడం మూసింది.

ఈ రెండూ ఒప్పుకున్నాక నా వాదనలో మిగిలేది కొంచెమే, కానీ అది గట్టిది. ఆ నర్సు నాతో వాదించేటప్పుడు తను కళ్లారా చూసినదాన్ని ముందు పెడుతుంది. నేను ఎలాంటివాణ్ణో తేల్చదు. అందుకే ఆమె మాట వల్ల నా అభిప్రాయం ఎంతో కొంత మారుతూ వచ్చింది. బోర్డు మాట వల్ల ఎవరి అభిప్రాయమూ మారలేదు.

మెరిట్ దగ్గర నా సంకోచం

శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు అదే ఫిబ్రవరి 9న మరో నిర్ణయం కూడా చేసింది. లోవెల్ హైస్కూల్‌లో మార్కులు, పరీక్షల ఆధారంగా ఇచ్చే ప్రవేశాలను శాశ్వతంగా రద్దు చేసి, మిగతా బడుల్లాగే లాటరీ పెట్టింది. లోవెల్ విద్యార్థుల్లో సగానికి పైగా ఆసియా సంతతి పిల్లలు, నల్లజాతి పిల్లలు 2 శాతం దాకా మాత్రమే. చైనా సంతతి తల్లిదండ్రులు మండిపడ్డారు. మన తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో కూడా ఆ కోపం పొంగింది. లోవెల్‌తో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా తమ పిల్లల సీటు పోయినట్టు రాశారు.

ఇక్కడ నేను ఆ కోపంలో పూర్తిగా చేరలేకపోయాను. మెరిట్ అన్న మాటను మన ఇళ్లలో ఎలా వాడతారో నేను వింటూ పెరిగాను. 1990లో మండల్ కమిషన్ అమలు ప్రకటన వచ్చినప్పుడు రోడ్ల మీదికి వచ్చిన విద్యార్థుల నోట ఉన్నది ఆ మాటే. ఎంసెట్ ర్యాంకు వెనుక కోచింగ్ సెంటరు ఫీజు ఉందని, ఆ ఫీజు వెనుక పొలమో, ఉద్యోగమో, తాతల నాటి చదువో ఉందని మనకు తెలుసు. తెలిసినా ర్యాంకు మాత్రం సొంత కష్టమనే చెప్పుకుంటాం. 2020 జూన్ చివర్లోనే, ఒక పెద్ద టెక్ సంస్థలో దళిత ఇంజినీరు మీద కులవివక్ష జరిగిందని ఆరోపిస్తూ కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం దావా వేసింది. మన గ్రూపులు ఆ వార్త మీద ఒకటి రెండు రోజులు కూడా నిలవలేదు, లోవెల్ మీద మాత్రం నెలలు నడిచాయి. ప్రగతివాదుల మీద మన అనుమానంలో ఎంత భాగం పిల్లల మీద ప్రేమ, ఎంత భాగం మన స్థానం జారుతుందన్న భయం అన్నది మనవాళ్లు నిజాయితీగా తమను తాము అడగవలసిన ప్రశ్న.

అయినా లోవెల్ నిర్ణయం నాకు సరిగా తోచలేదు. నల్లజాతి పిల్లలు అక్కడికి చేరలేకపోతున్నది ఎనిమిదో తరగతికి ముందు జరిగేదాని వల్ల. ఆ తరగతుల పిల్లలే అప్పుడు తెరల ముందు చదువు పోగొట్టుకుంటున్నారు. అంతేకాదు, ఆ మార్పును తగిన నోటీసు, చర్చ లేకుండా చేశారని తర్వాత కోర్టు తేల్చింది. రిజర్వేషన్లు న్యాయమని నమ్మే మనిషిగానే నేను ఈ మాట అంటున్నాను. మన దగ్గర అంబేడ్కర్ తరం ఆ హక్కును రాజ్యాంగ సభలో వాదించి, కారణాలు చెప్పి, ఎదుటివాళ్ల అభ్యంతరాలకు జవాబిచ్చి సాధించింది. అందుకే ఇన్ని దాడుల తర్వాత కూడా అది నిలిచింది.

ఓటు చెప్పింది

2022 ఫిబ్రవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ముగ్గురు బోర్డు సభ్యులను, ముగ్గురినీ మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో, పదవుల నుంచి తొలగించారు. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు భారత సంతతికి చెందిన శివ రాజ్. 2016లో ఆ నగరం చేసుకున్న చట్టం వల్ల, పౌరసత్వం లేకపోయినా అక్కడ నివసించే తల్లిదండ్రులకు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటుంది. హెచ్1బీ మీద ఉన్న ఒక తెలుగు మిత్రుడు అమెరికాలో వేసిన మొదటి ఓటు అదే. ఓటరుగా నమోదైతే ఆ వివరాలు ఇమిగ్రేషన్ అధికారుల దాకా వెళ్లవచ్చని నగర ఎన్నికల విభాగమే హెచ్చరించడంతో, ఆ ఫారం మీద సంతకం పెట్టాలా వద్దా అని వాళ్లింట్లో చాలా తర్జనభర్జన జరిగింది. చివరికి పెట్టారు. వలస వచ్చినవాళ్లకు బోర్డు ఎన్నికల్లో గొంతు ఉండాలన్నది ఆ నగర ప్రగతివాదులు గెలుచుకున్న హక్కు. ఆ హక్కుతోనే ఆయన వాళ్లను ప్రశ్నించారు.

ఈ తొలగింపు వెనుక కోటీశ్వరుల డబ్బు, రిపబ్లికన్ల హస్తం ఉన్నాయని బోర్డు మద్దతుదారులు అన్నారు. వెంచర్ కాపిటలిస్టుల విరాళాలు భారీగా వచ్చిన మాట నిజం. కానీ ఆ నగరం 2020లో బైడెన్‌కు 85 శాతం ఓట్లు వేసింది. ఈ తొలగింపు ఓటుకు అయిదు నెలల ముందు, 2021 సెప్టెంబరులో, గవర్నర్ న్యూసమ్‌ను తొలగించే ప్రయత్నాన్ని అదే నగరం 85 శాతానికి పైగా ఓట్లతో తిప్పికొట్టింది. మాస్కులు పెట్టమన్న, వ్యాపారాలు మూయించిన గవర్నర్‌ను, ఖరీదైన రెస్టారెంటులో నిబంధనలు మీరి విందు చేసుకున్నాడన్న కోపం ఉన్నా, వాళ్లు ఉంచుకున్నారు. స్కూల్ బోర్డును మాత్రం పంపేశారు. ఇది కుడివైపు తిరిగిన జనం వేసిన ఓటు కాదు. దేనికి దేన్ని తప్పుపట్టాలో విడదీసి చూడగలిగిన జనం వేసిన ఓటు.

నా మిత్రుడితో నాకున్న అసలు తగాదా ఇక్కడే. ఆయన విడదీయడం మానేశారు. బడుల విషయంలో మోసపోయాను కనుక టీకా కూడా మోసమేనని ఒక దశలో ఆయన నమ్మారు. వాళ్ల అమ్మగారికి బూస్టర్ వేయించడానికి వాళ్ల చెల్లెలు ఎంతో బతిమాలవలసి వచ్చింది. ఒక సంస్థ ఒక విషయంలో పక్షపాతం చూపింది కనుక దాని మాటలన్నీ అబద్ధాలనడం, సంతకం చేసిన నిపుణులు గుంపు ఉద్దేశాన్ని బట్టి ప్రమాదాన్ని తూచడం లాంటిదే. టీకాలు వచ్చాక రిపబ్లికన్లు ఎక్కువగా ఉన్న కౌంటీల్లో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయన్నది కూడా ఆయన చూడవలసిన లెక్కే.

ఇప్పటికి మిగిలినది బడి సంగతి. లోవెల్‌లో పాత ప్రవేశ పద్ధతి తిరిగి వచ్చింది, 44 పేర్ల తీర్మానం 2021 ఏప్రిల్‌లోనే రద్దయింది. 2024 జాతీయ పరీక్షల్లో చదవడంలో పిల్లల సగటు 2022 కంటే మరో 2 పాయింట్లు తగ్గింది. బ్రిటన్‌లో ఒక మాజీ న్యాయమూర్తి నేతృత్వంలో కోవిడ్ మీద చట్టబద్ధమైన విచారణ జరిగి, ప్రధానులు, మంత్రులు, శాస్త్రవేత్తలు ప్రమాణం చేసి సాక్ష్యం ఇచ్చారు. అమెరికాలో అలాంటి స్వతంత్ర కమిషన్ ఏర్పడలేదు. రిపబ్లికన్లు నడిపిన కాంగ్రెస్ ఉపసంఘం 2024 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చింది, దాన్ని సగం దేశం తెరిచి చూడలేదు. బడుల మీద ఆ విచారణ కావాలని ముందుగా అడగవలసినవాళ్లు డెమోక్రాట్లు, ఉపాధ్యాయ సంఘాలు, నాలాగా ఇప్పటికీ ఆ వైపునే ఉన్నవాళ్లు. ఎప్పుడు తెలిసింది, ఎవరికి తెలిసింది, తెలిశాక ఎందుకు ఆగారు, ఆగినందుకు ఏ పిల్లలు ఎంత పోగొట్టుకున్నారు అన్నవి అక్కడ అడగాలి. మా జిల్లా బోర్డుకు ఈసారి పోటీ చేసే ప్రతి అభ్యర్థినీ నేను అడగబోయేవి కూడా ఈ ప్రశ్నలే. ఆ నర్సును కూడా వచ్చి తను చూసింది చెప్పమని అడిగాను, వస్తానంది.